ధ్యాన్‌చంద్ నుంచి హర్మన్‌ప్రీత్ దాకా: గోల్ సగటులను పక్కపక్కన పెట్టి చూడవచ్చా?

నాగర్‌కర్నూల్ నుంచి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదువుతున్న మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. ధ్యాన్‌చంద్, బల్బీర్‌సింగ్ సీనియర్, నెదర్లాండ్స్‌కు చెందిన పాల్ లిట్జెన్స్, పాకిస్తాన్‌కు చెందిన సోహైల్ అబ్బాస్, మన హర్మన్‌ప్రీత్‌సింగ్, ఈ ఐదుగురి మ్యాచ్‌కు గోల్స్ సగటును ఒక పట్టికలో పెడితే అందరికంటే గొప్ప స్కోరర్ ఎవరో తేలుతుందా? ఐస్ హాకీలో కాలాన్ని బట్టి లెక్కను సవరిస్తారట, ఆ పద్ధతి మన హాకీకి పనికి వస్తుందా?

సూటిగా చెబుతాను. సగటులను ఉన్నవి ఉన్నట్టుగా పక్కపక్కన పెడితే తేలదు. ఆ పట్టికలో పైన నిలిచేవారు చాలావరకు ఎక్కువ గోల్స్ పడిన కాలంలో ఆడినవారే అవుతారు. అయితే పోలిక అసాధ్యమని మాత్రం నేను అనను. ప్రతి గోల్ గురించి మూడు విషయాలు విడదీయాలి: ఆ టోర్నీలో గోల్స్ ఎంత సులువుగా పడుతున్నాయి, ఎదుట ఉన్నది ఎలాంటి జట్టు, గోల్ ఏ రకంగా వచ్చింది. ఇవి విడదీసిన తర్వాత కూడా నిలబడే ఒలింపిక్ లెక్క నా దృష్టిలో బల్బీర్‌సింగ్‌ది. ఎందుకో కింద వివరిస్తాను. మహబూబ్‌నగర్‌లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా, తర్వాత జిల్లా, రాష్ట్ర స్థాయి పాఠశాల టోర్నీలలో టేబుల్ దగ్గర కూర్చొని స్కోర్ షీట్లు రాసిన వాడిగా ఈ లెక్కలతో నాకు చాలా కాలంగా సంబంధం ఉంది. కాబట్టి కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు ముడి లెక్కలు చూద్దాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ 5 మ్యాచ్‌లలో 14 గోల్స్ చేశాడు, అంటే మ్యాచ్‌కు 2.8. 1932 లాస్ ఏంజెలిస్‌లో 2 మ్యాచ్‌లలో 12, అంటే 6. బల్బీర్‌సింగ్ 1948, 1952, 1956 ఒలింపిక్స్ మూడింటిలో కలిపి 8 మ్యాచ్‌లు ఆడి 22 గోల్స్ చేశాడు, సగటు 2.75. లిట్జెన్స్ 177 అంతర్జాతీయ మ్యాచ్‌లలో 267, సగటు 1.51. సోహైల్ అబ్బాస్ 311 మ్యాచ్‌లలో 348, సగటు 1.12. హర్మన్‌ప్రీత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 8 మ్యాచ్‌లలో 10, సగటు 1.25. వీటిలో మొదటి రెండు పేర్లవి, చివరిది ఒలింపిక్ లెక్కలు. మధ్యలోవి మొత్తం కెరీర్ లెక్కలు. టోర్నీ సగటును కెరీర్ సగటుతో పోల్చకూడదు అన్నది మొట్టమొదటి జాగ్రత్త. కెరీర్ అంతా ఒకే ఊపులో ఎవరూ ఆడరు, టోర్నీలో మాత్రం మంచి వారం ఒకటి దొరికితే చాలు.

గోల్స్ ఎంత సులువుగా పడుతున్నాయి?

1928లో భారత జట్టు 5 మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసి ఒక్కటి కూడా ఇవ్వలేదు. 1932లో ఒలింపిక్ హాకీకి వచ్చినవి మూడే జట్లు: మనం, జపాన్, అమెరికా. జపాన్‌పై 11-1, అమెరికాపై 24-1 తేడాతో గెలిచాం. రెండు మ్యాచ్‌లకు 35 గోల్స్. అమెరికాపై రూప్‌సింగ్ ఒక్కడే 10, ధ్యాన్‌చంద్ 8 చేశారు. దీని పక్కన పారిస్‌ను పెట్టండి. 8 మ్యాచ్‌లలో భారత జట్టు మొత్తం గోల్స్ 15, అంటే మ్యాచ్‌కు రెండు కూడా లేవు. జట్టు మ్యాచ్‌కు పదిహేడు గోల్స్ కొట్టే చోట ఒక ఆటగాడి సగటు ఆరు ఉండటమూ, జట్టుకు రెండు గోల్స్ దొరకడమే గగనమైన చోట ఇంకొకరి సగటు 1.25 ఉండటమూ ఒకే కొలబద్దతో కొలిచే సంగతులు కావు.

అందుకే నేను మొదట చూసేది జట్టు గోల్స్‌లో వాటా. 1928లో ధ్యాన్‌చంద్ వాటా 29లో 14, అంటే 48 శాతం. 1932లో 35లో 12, అంటే 34 శాతం. 1952 హెల్సింకీలో భారత్ 3 మ్యాచ్‌లలో చేసిన 13 గోల్స్‌లో బల్బీర్‌వి 9, అంటే 69 శాతం. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ వాటా 15లో 10, అంటే 67 శాతం. ఒలింపిక్ ముడి సగటులలో అట్టడుగున కనిపించిన హర్మన్‌ప్రీత్ ఇక్కడ బల్బీర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

అయితే వాటాను కూడా గుడ్డిగా నమ్మకూడదు. పక్కన గొప్ప స్కోరర్ ఉంటే వాటా తగ్గుతుంది. 1932లో ధ్యాన్‌చంద్ పక్కన సొంత తమ్ముడు రూప్‌సింగ్ ఉన్నాడు, ఆ రెండు మ్యాచ్‌లలో అన్నకంటే ఒక గోల్ ఎక్కువే చేశాడు. 34 శాతం అన్న అంకె ధ్యాన్‌చంద్ బలహీనతను చూపదు, ఆ ఫార్వర్డ్ వరుస బలాన్ని చూపుతుంది. అలాగే జట్టులో పెనాల్టీ కార్నర్లు (గోల్ దగ్గర ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే ప్రత్యేక అవకాశాలు), స్ట్రోక్‌లు (గోల్‌కీపర్ ఒక్కడే ఎదుట ఉండగా కొట్టే షాట్లు) కొట్టే బాధ్యత ప్రధానంగా ఒకరిపైనే ఉంటే ఆ వ్యక్తి వాటా సహజంగానే పెరుగుతుంది. హర్మన్‌ప్రీత్ విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

ఎదుట ఉన్నది ఎవరు?

నా లెక్కలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ స్కోర్లు ఒకసారి వరుసగా చదవండి: అఫ్గానిస్తాన్‌పై 14-0, అమెరికాపై 16-0, సింగపూర్‌పై 6-0, సెమీఫైనల్‌లో జర్మనీపై 1-0, ఫైనల్‌లో పాకిస్తాన్‌పై 1-0. మొత్తం 38 గోల్స్‌లో 36 మొదటి మూడు మ్యాచ్‌లవే. పతకం తేల్చిన రెండు మ్యాచ్‌లకు కలిపి రెండే. ఆ టోర్నీ సగటు మ్యాచ్‌కు 7.6 అని రాస్తే అంకె తప్పు కాదు, కానీ అలాంటి మ్యాచ్ ఆ టోర్నీలో అసలు జరగనే లేదు. 1980 మాస్కో కూడా ఇంతే. నెదర్లాండ్స్, పాకిస్తాన్, ఆస్ట్రేలియా, పశ్చిమ జర్మనీ వంటి జట్లు బహిష్కరణ వల్ల రాలేదు. భారత్ చేసిన 43 గోల్స్‌లో 31 టాంజానియా, క్యూబాలపై రెండు మ్యాచ్‌లలో వచ్చాయి. స్పెయిన్‌తో ఫైనల్ 4-3తో ముగిసింది.

పాఠశాల టోర్నీలలో ఇది ఏటా కళ్ల ముందు కనిపించే విషయం. లీగ్ దశలో ఒక మండలం నుంచి అప్పటికప్పుడు కూడగట్టిన జట్టు వస్తుంది, వారిలో సగం మందికి స్టిక్ పట్టుకోవడం కూడా కొత్తే. ఆ ఒక్క మ్యాచ్‌లో ఎవరో పిల్లవాడు అరడజను గోల్స్ కొడతాడు. టోర్నీ చివర ‘అత్యధిక గోల్స్’ బహుమతి అతనికే వెళ్తుంది. సెమీఫైనల్లో గట్టి డిఫెన్స్ మధ్య ఒకే ఒక్క గోల్ కొట్టి జట్టును గెలిపించిన అమ్మాయి పేరు షీట్‌లో కింద ఎక్కడో ఉంటుంది. అందుకే ఎంపిక కమిటీకి జాబితా ఇచ్చేటప్పుడు ప్రతి ఆటగాడి అత్యధిక గోల్స్ మ్యాచ్‌ను తీసివేసి మిగిలిన సగటును పక్కన ఇంకో గడిలో రాయడం అలవాటు చేసుకున్నాను. ఆ రెండో గడిని చూసిన తర్వాత ఎంపికలు మారిన సందర్భాలు ఉన్నాయి.

ఇదే పద్ధతిని బల్బీర్‌సింగ్‌కు వర్తింపజేస్తే ఏమవుతుందో చూడండి. 22 గోల్స్‌లో 6 అర్జెంటీనాపై (1948), 5 అఫ్గానిస్తాన్‌పై (1956). ఈ రెండు మ్యాచ్‌లనూ పూర్తిగా పక్కన పెడదాం. 6 మ్యాచ్‌లలో 11 గోల్స్ మిగులుతాయి. ఇంకా కఠినంగా సెమీఫైనళ్లు, ఫైనళ్లు మాత్రమే తీసుకుందాం. 1948 ఫైనల్‌లో బ్రిటన్‌పై 2, 1952 సెమీఫైనల్‌లో బ్రిటన్‌పై 3, ఫైనల్‌లో నెదర్లాండ్స్‌పై 5, 1956 సెమీఫైనల్, ఫైనల్ రెండింటిలోనూ సున్నా. అంటే 5 మ్యాచ్‌లలో 10, సగటు 2. హెల్సింకీ ఫైనల్ 6-1తో ముగిసింది, అందులో 5 ఒక్కరివే. 1956లో వేలు విరిగిన స్థితిలో ఆడాడన్నది లెక్కకు అందని సంగతి. దాన్ని సాకుగా తీసుకోకుండా ఆ రెండు సున్నాలను కలుపుకున్నా సగటు రెండు దగ్గర నిలబడింది. తేలిక మ్యాచ్‌లు తీసేసినా కూలిపోని సగటు ఇది. ఈ కారణంగానే పైన బల్బీర్ పేరు చెప్పాను.

పోలిక కోసం ఈ కాలపువారిని కూడా అదే జల్లెడలో వేద్దాం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెల్జియం ఆటగాడు అలెగ్జాండర్ హెండ్రిక్స్ 8 మ్యాచ్‌లలో 14 గోల్స్ చేశాడు. 1928లో ధ్యాన్‌చంద్ చేసినవీ 14. సెమీఫైనల్లో మనపై హెండ్రిక్స్ 3 గోల్స్ చేశాడు, ఆస్ట్రేలియాతో ఫైనల్లో ఏమీ లేవు. రెండు మ్యాచ్‌లకు 3, సగటు 1.5. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ జర్మనీతో సెమీఫైనల్లో 1, స్పెయిన్‌తో కాంస్య పతక మ్యాచ్‌లో 2 చేశాడు. అక్కడా సగటు 1.5. మొదటి పట్టికలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనిపించిన చోట, సమ ఉజ్జీలతో ఆడిన మ్యాచ్‌లకు వచ్చేసరికి 2కూ 1.5కూ మధ్య తేడాగా మిగిలింది. మ్యాచ్‌లు తక్కువ కనుక ఈ అంకెలపై ఇంతకుమించిన భారం మోపకూడదు.

గోల్ ఏ రకంగా వచ్చింది?

లిట్జెన్స్, సోహైల్ అబ్బాస్, హెండ్రిక్స్, హర్మన్‌ప్రీత్ నలుగురూ పెనాల్టీ కార్నర్ నిపుణులు. ధ్యాన్‌చంద్, బల్బీర్ ముందు వరుస మధ్యలో ఆడే సెంటర్ ఫార్వర్డ్‌లు. ఈ రెండు వర్గాలనూ ఒకే పట్టికలో పెట్టడమే నాకు అభ్యంతరం.

నేటి పెనాల్టీ కార్నర్‌ను దగ్గరగా గమనించండి. గోల్ స్తంభానికి కనీసం 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద నుంచి ఒకరు బంతిని నెడతారు. డీ, అంటే గోల్ ముందుండే అర్ధవలయం, దాని గీత బయట ఒకరు దాన్ని ఆపుతారు. ఫ్లికర్ పరుగెత్తుకుంటూ వచ్చి, నడుము బాగా వంచి, ఎడమ కాలు ముందుకు చాచి, స్టిక్ కర్ర భాగానికి బంతిని అంటించుకొని నేల మీద లాగుతూ, చివరి క్షణంలో మణికట్టు తిప్పి వదులుతాడు. బంతి స్టిక్‌కు అంటుకొని ఉన్నంతసేపూ అది కుడికి పోతుందో ఎడమకు పోతుందో గోల్‌కీపర్‌కు తెలియదు. పైగా నిబంధన ఫ్లిక్‌కు అనుకూలం. కార్నర్‌లో మొదటి షాట్ హిట్ అయితే బంతి 460 మిల్లీమీటర్లకు, అంటే గోల్ అడుగు చెక్క ఎత్తుకు మించి గోల్‌లోకి వెళ్లకూడదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, పై మూలకు కూడా కొట్టవచ్చు. ఐదుగురికి మించకుండా ఉన్న డిఫెండర్లు గోల్ లైన్ నుంచి పరుగెత్తుకొచ్చేలోపు పని అయిపోతుంది.

ఇదంతా సమతలమైన కృత్రిమ టర్ఫ్ మీదే సాధ్యం. ఒలింపిక్స్‌లో టర్ఫ్ 1976 మాంట్రియల్‌లో వచ్చింది. మన దగ్గర ఇప్పటికీ చాలా బడుల మైదానాలు మొరం నేలలే. మొరం మీద బంతిని లాగబోతే మధ్యలో చిన్న గులకరాయి తగిలి స్టిక్ మీది నుంచి ఎగిరిపోతుంది. అందుకే ఇక్కడి పిల్లలు కార్నర్‌లో నేరుగా హిట్ కొట్టడమో, పక్కకు ఇచ్చి డిఫ్లెక్షన్ (ఇంకొకరి స్టిక్‌కు తగిలి బంతి దారి మళ్లడం) కోసం చూడటమో నేర్చుకుంటారు. వారిని హైదరాబాద్ తీసుకువెళ్లి టర్ఫ్ మీద దించితే మొదటి రోజు బంతి వేగానికే తికమకపడతారు. మొరం మీద గోల్స్ వరద పారించిన ఫార్వర్డ్‌లు టర్ఫ్ మీద డీలోకి అడుగుపెట్టలేకపోవడమూ, మొరం మీద ఎవరి కంటా పడని డిఫెండర్ టర్ఫ్ మీద కార్నర్ నిపుణుడిగా తేలడమూ నేను చూశాను. నేల మారితే గోల్ చేసే మనిషే మారిపోతాడు. గడ్డి మీద ఆడిన ధ్యాన్‌చంద్ సగటును, టర్ఫ్ మీద ఆడిన సోహైల్ సగటును పోల్చేటప్పుడు ఇది మరువకూడదు.

లిట్జెన్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 1970లలో కార్నర్ బంతిని చేతితో ఆపే వీలుండేది, తర్వాత అది నిషిద్ధమైంది. చేతితో కదలకుండా ఆపిన బంతిని బలంగా కొట్టడమూ, స్టిక్‌తో ఆపిన బంతిని ఫ్లిక్ చేయడమూ వేర్వేరు విద్యలు. లిట్జెన్స్ 267 గోల్స్ రికార్డును సోహైల్ 2004లో అమృత్‌సర్‌లో మనతో జరిగిన మ్యాచ్‌లో దాటాడు. మొత్తం గోల్స్‌లో సోహైల్ ముందు, సగటులో లిట్జెన్స్ ముందు. ఒకరిని పైన, ఒకరిని కింద పెట్టమంటే నేను పెట్టను. ఇద్దరినీ తమ తమ నిబంధనల కాలానికి శిఖరాలుగా రాసుకుంటాను.

మరి ఈ కాలపు ఫార్వర్డ్‌ల సంగతి? ధన్‌రాజ్ పిళ్లై 339 మ్యాచ్‌లలో చేసిన గోల్స్ దాదాపు 170, సగటు 0.5. సోహైల్ సగటులో సగం కూడా లేదు. దీన్ని బట్టి ధన్‌రాజ్‌ను తక్కువ అంచనా వేసేవారు హాకీ చూడనివారే. ఆయన గెలిచి ఇచ్చిన పెనాల్టీ కార్నర్లలో పడిన గోల్స్ కొట్టినవారి ఖాతాలోకి వెళ్లాయి. మన హైదరాబాద్ ఆటగాడు, 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడిన ముకేశ్‌కుమార్ వంటి ఫార్వర్డ్‌లకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కార్నర్ సంపాదించిన ఆటగాడి నంబరు కూడా స్కోర్ షీట్‌లో నమోదు చేయాలని శిక్షకులందరికీ చెబుతూనే ఉన్నాను, ఎందుకంటే సగం గోల్ అక్కడే పుడుతుంది.

మిగిలిన నిబంధనల మార్పులను క్లుప్తంగా చెబుతాను. 1990ల రెండవ సగంలో డిఫెండర్లను దాటి గోల్ దగ్గర ముందే నిలబడకుండా ఆపే ఆఫ్‌సైడ్ నిబంధనను తొలగించారు, ఫార్వర్డ్‌లకు గోల్ ముందు నిలబడే స్వేచ్ఛ వచ్చింది. ఎన్నిసార్లైనా మార్చుకునే సబ్‌స్టిట్యూషన్ వచ్చాక ఫార్వర్డ్ మ్యాచ్ మొత్తం మైదానంలో ఉండటం లేదు. పాత రోజుల్లో 70 నిమిషాల ఆట, ఇప్పుడు 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 60. నిమిషాల లెక్కన సవరిస్తే 1928 నాటి 2.8 సగటు 2.4 అవుతుంది, లిట్జెన్స్ 1.51 కాస్తా 1.29 అవుతుంది. ఇది తప్పక చేయాల్సిన సవరణే అయినా ఎదుటి జట్టు వల్ల వచ్చే తేడా ముందు చిన్నది.

ఐస్ హాకీ పద్ధతి

ఐస్ హాకీ వారి పద్ధతి సరళమైనది. ఆటగాడి గోల్స్‌ను ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద మ్యాచ్‌కు పడిన సగటు గోల్స్‌తో భాగించి, ఒక ప్రామాణిక సగటుతో గుణిస్తారు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 1981-82 సీజన్‌లో వేన్ గ్రెట్జ్‌కీ 80 మ్యాచ్‌లలో 92 గోల్స్ చేశాడు. అప్పుడు రెండు జట్లవీ కలిపి మ్యాచ్‌కు దాదాపు 8 గోల్స్ పడేవి. 2007-08లో అలెగ్జాండర్ ఒవెచ్‌కిన్ 82 మ్యాచ్‌లలో 65 చేశాడు, అప్పటి సగటు సుమారు 5.5. గ్రెట్జ్‌కీ 92ను 8తో భాగించి 5.5తో గుణిస్తే దాదాపు 63 వస్తుంది. 92కూ 65కూ ఉన్న దూరం మొత్తం మాయమైపోయింది. కెరీర్ లెక్క మరీ ఆశ్చర్యకరం. గ్రెట్జ్‌కీ 1487 మ్యాచ్‌లలో 894 గోల్స్ చేశాడు. ఒవెచ్‌కిన్ 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ చేసినది సరిగ్గా తన 1487వ మ్యాచ్‌లో. ముడి సగటు దాదాపు ఒకటే, కానీ గోల్స్ తక్కువగా పడిన కాలంలో ఎక్కువగా ఆడినందున సవరించిన లెక్కలో ఒవెచ్‌కిన్ ముందుకు వెళ్తాడు.

మన హాకీకి దీన్ని యథాతథంగా తెచ్చుకోలేం. అక్కడ ఒకే లీగ్, ప్రతి సీజన్‌లో ప్రతి జట్టుకూ డజన్ల కొద్దీ మ్యాచ్‌లు, బలాబలాలు ఇంచుమించు సమానం, ప్రతి గోల్‌కూ రికార్డు ఉంది. ఇక్కడ ఒలింపిక్స్‌లో ఒక జట్టుకు ఐదో ఎనిమిదో మ్యాచ్‌లు, మిగిలినవి పర్యటనలు. పర్యటన మ్యాచ్‌ల సంగతి మరీ చిక్కు. 1935లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పర్యటనలో భారత జట్టు 48 మ్యాచ్‌లలో 584 గోల్స్ చేసింది, వాటిలో ధ్యాన్‌చంద్‌వి 201. అందులో ఎక్కువ మ్యాచ్‌లు స్థానిక, ప్రాంతీయ జట్లతో ఆడినవి. వీటిని అంతర్జాతీయ గోల్స్‌గా లెక్కించేవారు, లెక్కించనివారు ఇద్దరూ ఉన్నందువల్లే ధ్యాన్‌చంద్ మొత్తం ఒక చోట 400కు పైగా, ఇంకో చోట 570గా కనిపిస్తుంది. 1936 బెర్లిన్ ఫైనల్లో జర్మనీపై 8-1 విజయంలో ఆయన గోల్స్ కూడా కొన్ని చోట్ల 3, కొన్ని చోట్ల 6 అని ఉంటాయి. అంకె ఎక్కడిదో చూడకుండా సగటు కడితే మూడో దశాంశం వరకు లెక్క వేసినా ప్రయోజనం లేదు.

మీరు ప్రాజెక్టు కోసం పట్టిక తయారు చేస్తున్నట్లయితే నా సలహా ఇది. ఒలింపిక్స్, ప్రపంచకప్ మ్యాచ్‌లకే పరిమితం కండి. ఒక్కో ఆటగాడికి ఒక్కో టోర్నీని ఒక వరుసగా రాయండి: మ్యాచ్‌లు, గోల్స్, జట్టు మొత్తం గోల్స్, వాటా, అత్యధిక గోల్స్ మ్యాచ్ తీసేసిన సగటు, సెమీఫైనల్-ఫైనల్ గోల్స్. ఫీల్డ్ గోల్స్, పెనాల్టీ కార్నర్లు, స్ట్రోక్‌లు మూడు వేర్వేరు గడుల్లో ఉండాలి. ఫార్వర్డ్‌లకు ఒక పట్టిక, కార్నర్ నిపుణులకు ఇంకొకటి వేయండి. టై అయిన మ్యాచ్‌లో షూటౌట్‌లో వేసినవి మాత్రం ఎందులోనూ కలపకండి, అధికారిక లెక్కలోనూ అవి ఆటగాడి ఖాతాలో చేరవు.